గెడ తీసే కుక్క, ఒడియాకే పలికే కుక్క: ఈ నెల మీ ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా ఆంధ్రా ఒడిశా సరిహద్దు వైపు నుంచే వచ్చాయి, పర్లాకిమిడి, రాయగడ, ఇచ్ఛాపురం, బరంపురం, పలాస, గుణుపురం. అందరూ తమ ఇంటి కుక్క తెలివి గురించే రాశారు, కొందరు మురిసిపోతూ, కొందరు విసిగిపోతూ. చోటు సరిపోదు కాబట్టి కొన్నిటికే జవాబు ఇస్తున్నాను, మిగతావి వచ్చే నెల.

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి. మా కుక్క పేరు సింహం, ఊరకుక్కే, ఒక వానాకాలం వరండాలోకి వచ్చి అలాగే ఉండిపోయింది. మా ఆయన సాయంత్రం గుణుపురం వైపు నుంచి ప్యాసింజర్‌లో దిగుతారు. ఆయన ఇంటికి రాకముందే ఇది లేచి, గేటు దగ్గరకి పోయి, ముట్టెతో గెడ పైకెత్తి తీసుకుని రోడ్డు మీద కూర్చుంటాది. దీనికి దేవుడి చూపు ఉందంటారు మా అత్తగారు. నాకేమో ఏ లారీ కిందో పడతాదని భయం. ఎవరూ నేర్పకుండా ఇదంతా ఎలా వచ్చింది? ఆపడం ఎలా?

జవాబు: చెల్లీ, ముందు గెడ సంగతి చెప్తాను. ఇలాంటి కుక్కే వందేళ్లకి పైగా క్రితం ఇంగ్లండ్‌లో ఒకటి ఉండేది, పేరు టోనీ. లాయిడ్ మోర్గాన్ అనే ప్రొఫెసర్ గారి టెర్రియర్ అది, గేటు గెడ తీసుకుని బయటకి పోయేది. చూసినవాళ్లంతా అబ్బ ఎంత ఆలోచన అనుకునేవారు, కానీ ఆయన మొదటి నుంచీ దాన్ని గమనించిన మనిషి. బయటకి చూడాలని అది గేటు ఊచల మధ్య ఎక్కడ పడితే అక్కడ తల దూర్చేది, ఒకసారి ఆ తల గెడ కింద తగిలి అది లేచింది, గేటు తెరుచుకుంది. మళ్లీ మళ్లీ అలాగే దూరుస్తూ పనికిరాని చోట్లు ఒక్కోటి మానేసింది, కొన్ని వారాలకి నేరుగా వచ్చి గెడ కిందే తల పెట్టడం మొదలెట్టింది. మీ సింహానిదీ అదే దారి అయ్యుంటుంది, మొదట్లో గేటు దగ్గర ఎంతసేపు తంటాలు పడిందో మీరు చూసి ఉండరు, పని నేర్చేసుకున్నాకే మీ కంట పడింది. కుక్క చదువంతా ఇంతే చెల్లీ, ఏ పని చేస్తే దానికి లాభం వచ్చిందో ఆ పని మళ్లీ చేస్తుంది. మనం ట్రైనింగ్ అని కూర్చోబెట్టిన పది నిమిషాలే కాదు, పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా అది నేర్చుకుంటూనే ఉంటుంది, నేర్పుతున్నామని మనకే తెలీదు.

ఇక మీ ఆయన రాక ముందే తెలియడం. మనిషి చెవికి ఇరవై వేల హెర్ట్జ్ (చప్పుడు ఎంత కీచుగా ఉందో కొలిచే లెక్క) దాకా వినపడితే కుక్కకి దాదాపు నలభై అయిదు వేల దాకా వినపడుతుంది, అంతకంటే ముఖ్యం ఏంటంటే మనకి అందనంత మెల్లటి చప్పుడు కూడా దానికి అందుతుంది, రైలు ఇంకా దూరంగా ఉండగానే హారన్ పట్టేస్తుంది. అదొక్కటే కాదు, ఆ టైముకి ఇంట్లో ఏం జరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. మీ అత్తగారు టీ గిన్నె పొయ్యి మీద పెడతారేమో, మీరు వాకిట్లో నీళ్లు చల్లుతారేమో, మీ మొహంలోనే ఎదురుచూపు కనిపిస్తుందేమో. జర్మనీలో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని ఊరంతా నమ్మితే, ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే ఆయన 1907లో అసలు సంగతి తేల్చాడు, ఆ గుర్రం డెక్కతో కొడుతూ ప్రశ్న అడిగినవాడి మొహమే చూస్తోంది, సరైన అంకె రాగానే అతనికి తెలియకుండానే తల కాస్త కదిలేది, అది ఆపేసేది. మీ ఇంట్లో కూడా ఒక పరీక్ష పెట్టొచ్చు. మీ ఆయన్ని ఒకరోజు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బస్సులో వేరే టైముకి రమ్మనండి. ఆరోజు కూడా సింహం రైలు టైముకే గేటు దగ్గరకి పోయిందంటే అది రైలునీ మిమ్మల్నీ చదువుతోందన్నమాట. అత్తగారి మాట మాత్రం నేను కొట్టెయ్యను, ఇంట్లో ఒక్కొక్కరి కదలికా ఇంత శ్రద్ధగా చూసే ప్రాణి ఇంకోటి మన మధ్య లేదు.

ఆపడానికి తిట్టక్కర్లేదు, కొట్టక్కర్లేదు. గెడకి బయటివైపు ఒక కొక్కెం గానీ తాళం గానీ పెట్టండి, ముట్టెతో తీయలేనిది. మొదటి నాలుగైదు రోజులు అది ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది, గోకుతుంది, ఏడుస్తుంది, మిమ్మల్ని పిలుస్తుంది, అప్పుడు జాలిపడి ఒక్కసారి తీశారో అయిపోయింది, గట్టిగా ఏడిస్తే తీస్తారు అని నేర్చేసుకుంటుంది. తాళంతో పాటు ఇంకో పని నేర్పండి. గేటుకి లోపలివైపు ఒక గోనెపట్టా వేసి, దాని మీద కూర్చున్నప్పుడల్లా ఒక ముక్క పెట్టండి, మీ ఆయన కూడా ఇంట్లోకి రాగానే ముందు పట్టా మీద ఉన్నప్పుడే పలకరించాలి, రోడ్డు మీద ఎదురొస్తే పలకరించకుండా లోపలికి వచ్చెయ్యాలి. ఇది ఆయనకి కష్టమే, తోక ఊపుతూ ఎదురొచ్చిన ప్రాణిని దాటుకుని రావడం ఎవరికైనా కష్టమే, కానీ లారీలు తిరిగే రోడ్డు కదా.

ప్రశ్న: మేడమ్ గారూ, రాయగడ నుంచి రాస్తున్నాను. మాది లేబ్రడార్, ఏడు నెలలు, పేరు బ్రూనో. నేనూ మా ఆవిడా తెలుగులో పిలుస్తాం, పిల్లలు ఇంగ్లీషులో సిట్, కమ్, నో అంటారు, ఇంట్లో పనిచేసే మావుసి ఒడియాలో ‘బస’, ‘ఆ’ అంటుంది. వేలు పోసి కొన్న కుక్క మావుసి మాట తప్ప మా ఎవరి మాటా వినదు. మూడు భాషలతో దాని బుర్ర పాడైందా? ట్రైనర్‌ని పెట్టమంటారా?

జవాబు: ట్రైనర్ మీ ఇంట్లోనే ఉంది సార్, రోజూ వస్తోంది. ఒక పూట వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని మావుసిని గమనించండి. ఆవిడ ‘బస’ అని ఒక్కసారే అంటుంది, అని ఊరుకుంటుంది, కుక్క కూర్చునేదాకా కదలదు, కూర్చోగానే చేతిలో ఉన్న ఎండుచేప ముక్కో అన్నం ముద్దో నోట్లో పడుతుంది, రోజూ అంతే, ఒక్కరోజు కూడా మారదు. మీ ఇంట్లో మిగతావాళ్లు సిట్ సిట్ సిట్ అని అయిదుసార్లు అంటారు, ఒకరు కూర్చో అంటే ఇంకొకరు దిగు అంటారు, మధ్యలో ఫోన్ వస్తే అది కూర్చున్న సంగతి కూడా చూడరు. ఇలా ఉంటుందని నేనెలా చెప్తున్నానంటే ఇలాంటి ఉత్తరాలు ప్రతి నెలా వస్తాయి, అన్ని ఇళ్లలోనూ ఇదే వరస.

భాషల వల్ల బుర్ర పాడవదు, ఆ భయం వదిలెయ్యండి. బుడాపెస్ట్‌లో 2022లో ఒక పరిశోధన వచ్చింది, 18 కుక్కల్ని కదలకుండా ఎమ్మారై మెషిన్‌లో పడుకోవడానికి అలవాటు చేసి, వాటికి రోజూ వినే భాష కొంచెం, ఎప్పుడూ వినని భాష కొంచెం వినిపించారు. రెండిటికీ వాటి మెదడు వేరువేరుగా స్పందించింది, అంటే ఇది మా ఇంటి మాట, ఇది కాదు అనే తేడా కుక్కకి తెలుస్తుంది. మాటల లెక్కకొస్తే అమెరికాలో ఛేజర్ అనే బోర్డర్ కోలీ జాతి కుక్కకి జాన్ పిల్లీ అనే ప్రొఫెసర్ 1022 బొమ్మల పేర్లు నేర్పాడు, పేరు చెప్తే గుట్టలోంచి ఆ బొమ్మే తెచ్చేది, 2011లో పేపర్ కూడా వేశారు. అదెలా సాధ్యమైందంటే ఆయన రోజూ గంటలకొద్దీ దానితో ఆడేవాడు, ఒక బొమ్మకి ఒకే పేరు, ఎప్పుడూ అదే. మీ బ్రూనోకి కావాల్సిందీ అదే, ఒక పనికి ఒక మాట. ఇంట్లో అందరూ కూర్చుని ఆ మాట ఏదో తేల్చుకోండి, నన్నడిగితే ఇప్పటికే వచ్చిన ‘బస’ మీరందరూ నేర్చుకోవడం సులువు, పిల్లలకి కూడా సరదాగా ఉంటుంది.

నేర్పే పద్ధతి ఇది. శెనగ గింజంత ముక్క, ఉడికించిన చికెన్ లివర్ అయితే మంచిది, ఎండుచేపైతే ముందు నీళ్లలో నానబెట్టి ఉప్పు పోగొట్టాలి. దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని కుక్క ముక్కుకి తగిలీ తగలనట్టు పెట్టండి, అక్కడి నుంచి మెల్లగా పైకి, కాస్త దాని నడినెత్తి వైపు జరపండి. ముక్కు పైకి లేస్తే నడుము దానంతటదే కిందకి దిగుతుంది. చెయ్యి మరీ ఎత్తుకి లేపితే గెంతుతుంది, వెనక్కి లాగేస్తే నడుచుకుంటూ వెనక్కి పోతుంది, అందుకే ముక్కుకి దగ్గరగానే ఉండాలి. నడుము నేలకి తగిలిన ఆ క్షణంలోనే ‘భలే’ అని ముక్క ఇచ్చెయ్యండి, రెండు క్షణాలు ఆలస్యమైతే అది లేచి నిలబడ్డాక ఇచ్చినట్టవుతుంది, అప్పుడు నేర్చుకునేది నిలబడటం. చాలామంది దగ్గర పని చెడేది ఇక్కడే, ముక్క జేబులో వెతుక్కుంటూ ఉంటారు. ఇలా వరసగా బాగా చేస్తున్నాక అప్పుడు మాట కలపండి, చెయ్యి జరిపే ముందు ‘బస’ అనాలి. మూడు నాలుగు నిమిషాలు చాలు, రోజుకి రెండు మూడుసార్లు, అన్నం పెట్టే ముందైతే ఇంకా మంచిది ఆకలి మీద ఉంటుంది కాబట్టి. తర్వాత చేతి సైగ ఒక్కటే చూపించి చూడండి, మాట కంటే సైగ తొందరగా పట్టుకుంటాయి కుక్కలు, ఇంట్లో ఎన్ని భాషలున్నా చెయ్యి ఒకటే కదా.

ఇంకో మాట, దాన్ని దగ్గరకి పిలిచి ఎప్పుడూ కొట్టొద్దు. చెప్పు కొరికిందని ‘బ్రూనో ఆ, ఆ’ అని పిలిచి వీపు మీద ఒకటి వేశారనుకోండి, చెప్పుకీ దెబ్బకీ సంబంధం దానికి తెలీదు, పిలిస్తే వెళ్లాను, కొట్టారు, అంతే గుర్తుంటుంది. రేపు రోడ్డు మీద చెయిన్ జారిపోయి మీరు ప్రాణం పెట్టి పిలిచినా రాదు.

ప్రశ్న: ఇచ్ఛాపురం నుంచి. మా గుంటడు కుక్క షేక్‌హ్యాండ్ ఇచ్చినప్పుడల్లా చాక్లెట్ పెడతాడు, పాయసం కూడా పోస్తాడు. ఏం కాదా?

జవాబు: అవుతుందమ్మా, ఇవాళే ఆపించండి. చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్ కుక్క ఒంట్లో తొందరగా అరగదు, గుండె దడ, ఫిట్స్ దాకా పోతుంది. పాయసంలో కిస్మిస్ వేస్తారు కదా, అది కిడ్నీలకి ప్రమాదం, ద్రాక్ష కూడా అంతే. ఉల్లి, వెల్లుల్లి ఉన్న కూరలు వద్దు, రక్తం దెబ్బతింటుంది. ఉడికిన కోడి ఎముకలు చీలికలుగా విరిగి గొంతులో పేగుల్లో గుచ్చుకుంటాయి. షేక్‌హ్యాండ్‌కి ఉడికిన చిలగడదుంప ముక్క పెట్టమనండి, అంతే ఇష్టంగా ఇస్తుంది.

ప్రశ్న: వదినా, మేం బరంపురంలో ఉంటాం. ఠాకురాణి యాత్ర వచ్చిందంటే నెల రోజులు వీధిలో డప్పులు, బాజాలు, వేషాలు, జనం. మా పమేరియన్ మంచం కిందకి దూరి వణుకుతా ఉంటాది, తిండి ముట్టదు. దీపావళికీ ఇదే గోల. మా బావగారు దాన్ని తీసుకెళ్లి డప్పుల పక్కనే కట్టెయ్యండి, రెండు రోజుల్లో భయం పోతాది అంటున్నారు. కట్టొచ్చా?

జవాబు: వద్దు, దయచేసి వద్దు. బావగారికి నా మాటగా చెప్పండి. పారిపోవడానికి దారి లేకుండా కట్టేస్తే భయం పోదు, పెరుగుతుంది, కొన్ని కుక్కలు ఆ తర్వాత వణకడం మానేసి బొమ్మలా పడుంటాయి, చూసేవాళ్లు అలవాటైంది అనుకుంటారు, అది అలవాటు కాదు, ఇక చేసేదేం లేదని ఆశ వదిలేసుకోవడం. ఇంకొన్ని చేతికందిన వాళ్లని కరుస్తాయి.

యాత్ర రెండేళ్లకోసారే కదా, మీకు బోలెడంత టైముంది. ఫోన్‌లో డప్పుల చప్పుడు రికార్డు చేసుకోండి. అది హాయిగా పడుకుని ఉన్నప్పుడు వినీ వినపడనంత తక్కువ సౌండ్‌లో పెట్టి, ఆ సౌండ్ మొదలవగానే దానికి బాగా ఇష్టమైన తిండి పెట్టండి, సౌండ్ ఆగగానే తిండి కూడా ఆపెయ్యండి. చెవులు వెనక్కి పోయాయా, పెదవులు నాక్కుంటోందా, నిద్ర రాకపోయినా ఆవులిస్తోందా, ముక్క తీసుకోవడం మానేసిందా, ఇవి చూస్తుండాలి, ఇందులో ఏది కనిపించినా సౌండ్ ఎక్కువైందని అర్థం, తగ్గించండి. వారాల మీద కొంచెం కొంచెంగా పెంచాలి, తొందరపడితే మొదటికొస్తుంది. యాత్ర రోజుల్లో మాత్రం వీధికి దూరంగా ఉన్న గదిలో కిటికీలు మూసి, ఫ్యాన్ పెద్దగా పెట్టి, మీ పాత చీర ఒకటి వేసి దానికో మూల చెయ్యండి. మంచం కిందే నచ్చితే అక్కడే ఉండనివ్వండి, బయటకి లాగొద్దు. భయపడినప్పుడు ఓదారిస్తే భయం ఎక్కువవుతుందని కొందరంటారు, అది నిజం కాదు, మీ దగ్గరకి వస్తే ఒళ్లో పెట్టుకోండి. మరీ తిండి మానేసేంత భయమైతే పశువుల డాక్టర్ని ముందుగానే కలవండి, దీనికి మందులున్నాయి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. మెడ బెల్టుకి మీ ఫోన్ నంబర్ రాసి కట్టడం మర్చిపోవద్దు, బాణసంచా రాత్రుల్లో తప్పిపోయే కుక్కలు చాలా ఎక్కువ.

ప్రశ్న: పలాస నుంచండి. మూడు నెలల కుక్కపిల్ల, ఇల్లంతా పాడు చేస్తోంది. మా అమ్మ దాని మూతి తీసుకెళ్లి ఆ తడిలో రుద్దుతుంది, అలా చేస్తేనే బుద్ధొస్తుందంట. నిజమేనా?

జవాబు: రాదు. దానికి వచ్చే బుద్ధి ఏంటంటే మనుషులు చూస్తుండగా పొయ్యకూడదు, సోఫా వెనక పొయ్యాలి. మూడు నెలల పిల్ల మహా అయితే మూడు గంటలు ఆపుకోగలదు. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట ఆపగానే బయటకి ఎత్తుకుపోండి, రోజూ ఒకే చోటుకి, పని అయిన అక్కడికక్కడే మెచ్చుకుని ముక్క పెట్టండి, లోపలికొచ్చాక పెడితే లాభం లేదు. ఇంట్లో పోసిన చోట ఉత్త ఫినాయిల్‌తో సరిపెట్టకుండా సర్ఫ్‌తో కడిగి వెనిగర్ నీళ్లతో తుడవండి, వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతోందంటే ఎత్తుకుని పరిగెత్తాల్సిన టైమన్నమాట. అమ్మగారికి ఈ పని అప్పగించండి, ఇంట్లో ఉండేది ఆవిడే కాబట్టి అందరికంటే బాగా పట్టుకుంటారు.

ప్రశ్న: ఆంటీ, నేను ఎనిమిదో క్లాసు, గుణుపురం. మా వీధిలో పుట్టిన కుక్కపిల్లని పెంచుకుంటున్నాను, నాలుగు నెలలు. దానికి పోలీసు కుక్కలా ట్రైనింగ్ ఇవ్వాలని ఉంది. మా ఫ్రెండ్స్ దేశీ కుక్కలకి బుర్ర ఉండదు, జర్మన్ షెపర్డ్ కొనుక్కో అంటున్నారు. నిజమా?

జవాబు: నాన్నా, నీ ఫ్రెండ్స్‌కి ఇది చదివి వినిపించు. కోల్‌కతాలో ఐసర్ అని పెద్ద సైన్సు సంస్థ ఉంది, అక్కడివాళ్లు మన వీధికుక్కల మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. వేరువేరు ఊళ్లలో, ఎవరూ ట్రైనింగ్ ఇవ్వని వీధికుక్కల ముందు రెండు గిన్నెలు పెట్టి ఒకదాని వైపు చెయ్యి చూపించారు, 2020లో ఆ ఫలితాలు వచ్చాయి. చాలా కుక్కలు మనుషుల భయంతో దగ్గరకే రాలేదు, వచ్చినవాటిలో మాత్రం నూటికి ఎనభై దాకా చెయ్యి చూపించిన గిన్నె దగ్గరకే వెళ్లాయి. చెయ్యి ఎటు చూపిస్తే అటు వెళ్లడం మనకి చిన్న సంగతిలా ఉంటుంది కానీ మనకి దగ్గరి చుట్టాలైన చింపాంజీలకి కూడా అది అంత సులువు కాదు. మన సైన్యం కూడా కర్ణాటక ముధోల్ కుక్కల్ని తీసుకుని ట్రైనింగ్ ఇచ్చింది, అదీ మన దేశపు జాతే.

నువ్వు కూడా ఇంట్లో చేసి చూడొచ్చు. ఒకేలాంటి రెండు స్టీలు గిన్నెలు తీసుకో, రెండిటికీ లోపల చికెన్ రుద్దు, లేకపోతే వాసన పట్టి వెళ్లిపోతుంది. పిల్ల చూడకుండా ఒకదాని కింద ముక్క పెట్టి, రెండిటినీ దూరదూరంగా బోర్లించి, మధ్యలో నిలబడి చేత్తో చూపించు, మాట్లాడొద్దు, ఆ గిన్నె వైపు నడవొద్దు. మీ చెల్లో తమ్ముడో పిల్లని పట్టుకుని వదలాలి. ముక్క ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు మార్చుతుండు, లేదంటే అలవాటు మీద ఒకవైపే పోతుంది. ఇది బాగా వచ్చాక వాసనతో వెతికించే ఆట మొదలెట్టు, నీ సాక్సు ఒకటి తలుపు చాటున దాచి ‘వెతుకు’ అను, పోలీసు కుక్కలకి కూడా మొదట్లో ఆటలాగే నేర్పుతారు. బంతి కొంటే నీలంది కొను, కుక్క కంటికి ఎరుపు సరిగా ఆనదు, పచ్చగడ్డిలో ఎర్రబంతి దానికి తేలిగ్గా కనిపించదు, కనిపించక నిలబడితే బుర్ర లేదని నీ ఫ్రెండ్స్ మళ్లీ అంటారు.

కానీ ఇవన్నీ ఒక పని అయ్యాకే. నాలుగు నెలలంటున్నావు, రేబిస్ టీకా వేయించావా? మూడు నెలలు నిండగానే వేయించాలి, తర్వాత డాక్టర్ చెప్పిన టైముకి మళ్లీ, ఆపైన ఏటేటా కూడా. ఆడుతున్నప్పుడు పన్ను గీరుకుని రక్తం వచ్చినా, నీ పిల్లే అయినా సరే, సబ్బుతో పావుగంట ధారగా నీళ్ల కింద కడిగి, ఇంట్లో చెప్పి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లి ఇంజెక్షన్ వేయించుకోవాలి, తిడతారని దాచకూడదు. రేపు స్కూలు నుంచి రాగానే నాన్నగారిని తీసుకుని పశువుల ఆస్పత్రికి వెళ్లు, పిల్లకి టీకా కార్డు రాయించుకో, గిన్నెల ఆట ఎల్లుండి నుంచి.